ముప్పైమూడు జతల మనిషి

రండర్రా, దగ్గరికి జరిగి కూకోండి. ఆ మూలన కబుర్లు ఆపండి. శామ్సనూ, నిన్నే! మనిషి విలువెంతో వేలేళ్ళుగా ఎవరికీ తేలలేదు. మొన్న శనివారం కలకత్తా న్యూ టౌన్లో ఒక అపార్ట్‌మెంటు గేటు కాడ తేలిపోయింది.

మన సంత్రాగాఛి రైల్వే క్వార్టర్స్ ప్రేమానందం లేడూ, పట్టాల మీద సుత్తి కొట్టి కొట్టి రిటైరైనోడు, మనవరాలు జూలియా మొదటి పుట్టినరోజుకి ఎల్లాడు. ఆరింటికి కేకు. తాత ప్రార్థన చెయ్యనిదే కత్తి పడదు, అది మన ఇళ్ళల్లో చట్టం. (ఆయన మొదలెడితే కొవ్వొత్తి దానంతటదే ఆరిపోద్ది, అది వేరే సంగతి.)

గేటు కాడ కొత్త యాప్. అక్కడి సెక్రటరీ ధనుంజయ్ గారు రెండ్రోజులు తత్వశాస్త్రం క్లాసుకి ఎల్లొచ్చి, వచ్చినోడి విలువ తేలకుండా గేటు తియ్యకూడదని రూలు పెట్టారు. పద్ధతులు రెండు: గ్రీకు, ఆఫ్రికా.

"మా అమ్మాయి షెకైనా పైనే ఉంది బాబూ, అడుగు."

"కూతురి మాట చెల్లదు దాదా, పక్షపాతం," అన్నాడు బెంగాలీ గార్డు. "ముందు గ్రీకు. ఒక ఇల్లు ఎన్ని జతల చెప్పులకి సమానమో తేల్చడానికే డబ్బు కావాలన్నారంట ఆ పెద్దలు. మీరెన్ని జతలు?"

ప్రేమానందం ఛాతీ ఉబ్బింది. ముప్పైమూడేళ్ళ సర్వీసు, ఏడాదికో జత రైల్వే బూట్లు. "ముప్పైమూడు!" అని కొట్టించాడు. (రెండు జతలు బావమరిదికి అమ్మేసిన సంగతి చెప్పలేదు.)

యాప్ ఆలోచించింది. లిఫ్టుకి కనీసం ఐదొందల జతలు. ముప్పైమూడుకి బయట బెంచీ. అందులో సగం.

"అయితే ఆఫ్రికా చూడు!"

"ఆ పెద్దల లెక్కలో విలువ జేబులో ఉండదు దాదా, చుట్టూ ఉన్నోళ్ళలో ఉంటది. ఐదుగురొచ్చి 'ఈయన మావోడే' అనాలి."

ఇదేటి, బెమ్మాండం! ఫోను కొట్టాడు. మనోళ్ళని ఐదుగురిని పిలిస్తే ఐదుగురే వస్తారేటి? బిర్యానీ ఉందని నోరు జారాడు కూడాను. చర్చి క్వయిరు మొత్తం హార్మోనియంతో సహా దిగింది, నలభైమంది.

యాప్ వాళ్ళనీ చూసింది. వాళ్ళూ బయటోళ్ళే. ఒక్కొక్కరికీ ఐదుగురు కావాలి. రెండొందలమంది వచ్చారు. ఆ రెండొందలకీ వెయ్యి. లైను బస్టాపు దాటింది. క్వార్టర్స్‌లో కుళాయి కట్టడానిక్కూడా మనిషి లేడు.

ఏడింటికి షెకైనా ఫోను. "నాన్నా, పిల్ల కళ్ళు మూతలు పడిపోతన్నాయి. ఏటి చెయ్యమంటావు?"

ప్రేమానందం అన్నాడు: "కోసెయ్యమ్మా."

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ప్రార్థన రెండు ముక్కల్లో ముగించాడు, ఫోన్లోనే. వెయ్యిమందీ "ఆమెన్" అన్నారు. గేటు కదల్లేదు.

పక్కన ఝాల్‌ముడి, అదే కారం మరమరాలు, అమ్ముకునేవాడు పొట్లం చుడుతూ అడిగాడు: "ఇంతమంది వచ్చారు కదా దాదా, ఒక్కరైనా కళ్ళు తిరిగి పడిపోకూడదా? అంబులెన్సుకైతే ఏమీ అడక్కుండా గేటు తీస్తారు."