రెండు వేళ్ళు దిగిన భుజం

నది పొంగి, చర్చి మూడో మెట్టు దాకా వచ్చి, ఫాదరు గారి చెప్పులు పట్టుకుని వెనక్కి పోయిన ఏడాది ఒకటుంది. మా ఊళ్ళో ఏ లెక్కయినా దాన్నుంచే. ఆ వరద తర్వాత ఏడో ఏడు, ఫిబ్రవరి నెలలో, నిమ్మతోట గినేస్ మోటార్‌సైకిల్‌తో సహా పంటకాలువలో పడ్డాడు.

బాతు అడ్డం వచ్చిందని అతని వాదన. బాతు వాదన ఎవరూ వినలేదు.

బండికి గీత పడలేదు. గినేస్‌కి మాత్రం ఎడమ భుజం ముందుండే ఎముక, కాలర్ బోన్ అంటారే, అది మూడు ముక్కలైంది.

ముర్సియా పట్నం ఆసుపత్రిలో డాక్టరమ్మ ఒలాయా ఎక్స్‌రే పైకెత్తి చూపించింది.

"రెండు దార్లున్నాయండీ. కోసి, ముక్కలు కలిపి, ప్లేటు పెట్టి స్క్రూలు బిగించడం ఒకటి. చెయ్యి తొందరగా ఆడుతుంది గాని, నాలుగు నెలలు భుజాన బరువు పెట్టకూడదు. రెండోది, పట్టీ కట్టుకుని ఆరు వారాలు కదలకుండా ఉండటం. అతుక్కుంటే అతుక్కుంటుంది. లేకపోతే మళ్ళీ మొదటి దారే."

"కోసెయ్యండి," అంది గినేస్ భార్య కరిదాద్.

"ఎముక నాది!"

"నీదే. ఆరు వారాలు స్నానం చేయించి, చొక్కా తొడిగి, రొట్టె తుంచిపెట్టేది ఎవరూ? బాతా?"

గినేస్ వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాడు. నాలుగు నెలలంటే జూన్. ఆరు వారాలంటే గుడ్ ఫ్రైడేకి ఇంకా పది రోజులు మిగులుతాయి.

"పట్టీ కట్టండి," అన్నాడు.

అతని బాధ ఎముక గురించి కాదు, పల్లకీ గురించి. గుడ్ ఫ్రైడే పొద్దున వ్యాకులమాత పల్లకీ, కొడుకు కోసం ఏడ్చే మరియమాత విగ్రహంతో, ఊరంతా తిరుగుతుంది. ఇరవై ఎనిమిది మంది మోస్తారు. ముందు ఎడమ కొయ్య కింద చోటు గినేస్‌ది. అంతకు ముందు అతని నాన్నది, అంతకు ముందు తాతది. ఆ చోటు ఒక్క ఏడాది ఖాళీగా ఉంటే వరసలో ఉన్నవాడికి పోతుంది. ఇంటి మనిషి నిలబడితే సరే. గినేస్‌కి కొడుకుల్లేరు, అన్నదమ్ముల్లేరు.

వరసలో ఉన్నవాడు నత్తల ఫుల్హెన్సియో. నత్తలు పట్టి సంతలో అమ్ముతాడు. పదకొండేళ్ళుగా ఎదురుచూస్తున్నాడు. నత్తల సావాసం కదా, ఓపిక ఎక్కువ.

అతను పరామర్శకి వచ్చాడు. నిమ్మతోట ఉన్నవాడి ఇంటికి అరడజను నిమ్మకాయలు పట్టుకొచ్చాడు. వచ్చినవాడు గినేస్ మొహం చూడలేదు, భుజమే చూస్తూ కూర్చున్నాడు.

"నొప్పి బాగా ఉందా బావా?" అని ఆశగా అడిగాడు.

"దోమ కుట్టినట్టుంది."

"అయ్యో," అన్నాడు ఫుల్హెన్సియో, నిజంగానే బాధపడుతూ.

అతను గడప దాటగానే కరిదాద్ మొదలుపెట్టింది.

"ఆపరేషన్ ఎందుకొద్దో ఒక్క మంచి కారణం చెప్పు."

"ఒంట్లో ఇనుముంటే పిడుగు పడుతుంది."

"పిడుగుకి నీకన్నా ఎత్తయినవి బోలెడు దొరుకుతాయి. నాతో మొదలుపెట్టి."

ఈ మాట అతనికి ముల్లులా గుచ్చుకుంది. భార్యకన్నా తాను ఒక వేలు పొడుగని ఇరవై ఆరేళ్ళుగా అంటున్నాడు. పెళ్ళి ఫోటోలో ఇటుక మీద నిలబడిన సంగతి ఆ ఇటుకకీ కరిదాద్‌కీ తెలుసు.

"విమానాశ్రయంలో గంట మోగుతుంది," అన్నాడు.

"నువ్వు రైలెక్కి పదకొండేళ్ళయింది."

"మత్తు ఇచ్చాక లేవకపోతే?"

"మత్తు ఇవ్వకుండానే తొమ్మిదింటి దాకా లేవవు. అసలు మాట చెప్పు గినేసూ. పల్లకీ కదూ?"

"ఛ! పల్లకీ ఎవడిక్కావాలి?" అన్నాడు గినేస్. అని, గోడ మీది నాన్న ఫోటో వైపు చూడలేకపోయాడు.

ఆరు వారాలు గడిచాయి. పట్టీలో చెయ్యి పెట్టుకుని చంకలో కోడిపెట్టని దాచినవాడిలా ఊరంతా తిరిగాడు. ఆరో వారం డాక్టరమ్మ కొత్త ఎక్స్‌రే చూసి తల అడ్డంగా ఊపింది.

"అతుక్కోలేదండీ. భుజం రెండు వేళ్ళు కిందికి దిగింది కూడా. ఇప్పుడు ఆపరేషన్ చేయించుకుంటే వచ్చే ఏడాదికి ఏనుగునైనా మోయండి. ఈలోగా దీని మీద బరువు పెట్టారో, చెయ్యి మీది కాదు."

ఆపరేషన్‌కి ఒప్పుకుంటూ సంతకం చేసే కాగితం ఇచ్చింది. పండగ వెళ్ళిన గురువారం ఖాళీ ఉందనీ, బుధవారం లోపల తెచ్చివ్వమనీ చెప్పింది.

గినేస్ చెవికి 'వచ్చే ఏడాది' ఒక్కటే వినపడింది. వచ్చే ఏడాదికి ఆ కొయ్య కింద నత్తలవాడుంటాడు. ఇంటికొచ్చి కాగితాన్ని రొట్టెల డబ్బా కింద తోసేశాడు. కరిదాద్ తీసి బల్ల మీద పెట్టింది. అతను మళ్ళీ డబ్బా కిందికి తోశాడు. వారం రోజులు ఆ కాగితం చేసినంత ప్రయాణం గినేస్ జన్మలో చెయ్యలేదు.

గుడ్ ఫ్రైడేకి ముందొచ్చే మట్టల ఆదివారం నాడు భుజాలు కొలుస్తారు. ఒక కొయ్య కింద భుజాలన్నీ ఒకే ఎత్తుండాలి, లేకపోతే పొట్టివాడి బరువు పొడుగువాడి మీద పడుతుంది. పల్లకీ పెద్ద బ్లాస్ తాత దగ్గర గీతలు చెక్కిన కర్ర ఉంది. చోటుకొక గీత. భుజం గీత మీదికి రావాలి. ఆ తర్వాత తాత అరచేత్తో భుజాన్ని ఒక్క నొక్కు నొక్కుతాడు. తాత వయసు ఎనభై ఒకటి. అరచేతికి మాత్రం ఇంకా ముప్ఫయ్యే.

దిగిన రెండు వేళ్ళూ ఎక్కడనుంచి తేవాలి? గినేస్ ఒక రాత్రంతా ఆలోచించి, పట్టీ విప్పేసి, కరిదాద్ ఒళ్ళు రుద్దుకునే స్పాంజి చొక్కా కింద పెట్టుకున్నాడు. చాల్లేదు. దాని మీద గిన్నెలు తోమే స్పాంజి కూడా పెట్టాడు. అద్దంలో చూసుకుంటే కుడి భుజం కన్నా ఎడమదే హుషారుగా కనపడింది.

చర్చిలో వరసలో నిలబడ్డాడు. కర్ర వచ్చింది. భుజం గీత మీదికి సరిగ్గా వచ్చింది. ఫుల్హెన్సియో మొహం వాడిపోయింది. అప్పుడు తాత అరచెయ్యి పడింది.

గినేస్‌కి చర్చి కప్పులోంచి చుక్కలు కనిపించాయి. "అమ్మా... తల్లీ... మరియమాతా..." అని ఒక్క కేక పెట్టాడు. అది కప్పుకి కొట్టుకుని, సాగి సాగి, వణుకుతూ వణుకుతూ కిందికి దిగింది.

ముసలమ్మలు శిలువ గుర్తు వేసుకున్నారు. మా ఊళ్ళో వ్యాకులమాతను చూసి గుండె పొంగినవాళ్ళు ఉన్నచోటే నిలబడి గొంతెత్తి పాడటం మామూలే. కొందరు కళ్ళు ఒత్తుకున్నారు.

"ఒరే గినేసూ," అన్నాడు బ్లాస్ తాత గద్గదంగా, "మీ నాన్న కూడా ఇంత బాగా పాడలేదురా."

"ఇంకో చరణం!" అన్నారు వెనకనుంచి.

"గొంతు... శుక్రవారానికి దాచుకుంటా," అని గోడ పట్టుకుని బయటికి నడిచాడు గినేస్.

ఆ సాయంత్రం కరిదాద్ స్నానాల గదిలోంచి ఒకసారి, వంటింట్లోంచి ఒకసారి బయటికొచ్చి, రెండుసార్లూ అతన్ని చూసి, లోపలికి పోయింది. ఆమె అరిస్తే భయం లేదు, అరవనప్పుడే భయపడాలి. గెలిచిన సంబరంలో గినేస్ భయపడటం మరిచిపోయాడు.

గుడ్ ఫ్రైడే పొద్దున మెలకువ వచ్చేసరికి గడియారం ఆరు చూపిస్తోంది. పల్లకీ ఏడింటికి. పక్కన కరిదాద్ లేదు. గుడ్లు ఉడకబెడుతోంది కాబోలు అనుకున్నాడు. మోసేవాళ్ళు ఊదా అంగీల పొట్టల్లో ఉడికించిన గుడ్లు, మిఠాయిలు కుక్కుకుని, దారిలో అయినవాళ్ళకి పంచుతూ పోతారు. అందుకే ఆ రోజు ఊళ్ళో మగవాళ్ళందరికీ ఏడో నెల.

పెట్టె తెరిచాడు. అంగీ లేదు. కళ్ళు మాత్రమే కనపడే ముసుగు లేదు. తాడు చెప్పులు లేవు. రెండు స్పాంజులు మాత్రం ఒకదాని మీద ఒకటి నీటుగా పెట్టి ఉన్నాయి.

అంతలో వీధిలోంచి డప్పులు వినపడ్డాయి. ఆరింటికి డప్పులేమిటి? కిటికీలోంచి చర్చి గడియారం చూస్తే ఏడున్నర. ఇంట్లో గడియారానికి ఎవరో గంటన్నర సెలవిచ్చారు.

పడుకున్న బట్టల మీద కోటు తగిలించుకుని పరిగెత్తాడు. అడుగడుక్కీ భుజంలో ముక్కలు కరకరమంటున్నాయి. వంతెన మలుపు దగ్గర పల్లకీ కనపడింది. ముందు ఎడమ కొయ్య కింద చోటు ఖాళీగా లేదు. ముసుగు వేసుకున్న మనిషి ఒకరు నిటారుగా, అడుగు తప్పకుండా మోస్తున్నారు.

"పోయింది! నత్తలవాడు ఎత్తుకుపోయాడు! తాత చోటు!" అని నెత్తి కొట్టుకోబోతే ఎడమ చెయ్యి లేవలేదు.

"నన్నేనా తిడుతున్నావు?" అని పక్కనుంచి ఏడుపు గొంతు. చూస్తే ఫుల్హెన్సియో, మామూలు చొక్కాలో, జనంలో నిలబడి ఉన్నాడు.

"నువ్విక్కడుంటే అక్కడెవడు?"

"మీ ఇంటి మనిషట. పన్నెండో ఏడు కూడా పాయె," అన్నాడు ఫుల్హెన్సియో.

గినేస్ ఆ మనిషి కాళ్ళు చూశాడు. తన చెప్పులే. వాటి తాళ్ళకి మాత్రం, తాను ఎన్నేళ్ళయినా నేర్చుకోలేని ముడి, చక్కగా వేసి ఉంది.

బ్లాస్ తాత కర్రతో కొయ్య మీద టక్కుమని కొట్టాడు. పల్లకీ సరిగ్గా వాళ్ళ ముందే ఆగింది.

"తాతా!" అన్నాడు గినేస్. "ఆడమనిషి..."

"మంగళవారం నా దగ్గరికొచ్చి నీ ఎముక అతుక్కోని సంగతంతా చెప్పింది. రూళ్ళ పుస్తకం తీశాను. ఇంటి మనిషి అని రాసి ఉంది, మీసాలుండాలని ఎక్కడా లేదు. కొలిచాను. మీ నాన్న గీత మీదికి అచ్చంగా వచ్చింది." తాత గొంతు తగ్గించాడు. "నువ్వు ఇన్నేళ్ళూ ఒక వేలు తక్కువేరా. మీ నాన్న మొహం చూసి ఊరుకున్నాను."

ముసుగు మనిషి అంగీ పొట్టలో చెయ్యి పెట్టింది. ఫుల్హెన్సియోకి ఒక మిఠాయి ఇచ్చింది. గినేస్‌కి కాగితంలో చుట్టిన గుడ్డొకటి ఇచ్చింది.

"పాడవేం?" అంది ముసుగులోంచి. "ఆదివారం ఊరినంతా ఏడిపించావట కదా."

"బరువుగా ఉందా?" అన్నాడు గినేస్, చిన్న గొంతుతో.

"నీకన్నా తక్కువే. ఇంటికి పో. చలిగాలి తగులుతుంది."

కర్ర మళ్ళీ టక్కుమంది. పల్లకీ లేచి ముందుకు నడిచింది. గినేస్ కాగితం విప్పాడు. రొట్టెల డబ్బా కిందనుంచి బల్ల మీదికి, బల్ల మీదినుంచి డబ్బా కిందికి తిరిగిన కాగితమే. ఆమె సంతకం సాక్షి చోట పడి ఉంది. అతని చోటు ఖాళీగా ఉంది.

మర్నాడు పొద్దున అతను ఆమె కన్నా ముందు లేచాడు. ఆలివ్ నూనె గోరువెచ్చగా కాచి తెచ్చి, కమిలి నల్లబడిన ఆమె ఎడమ భుజానికి కుడిచేత్తో రాశాడు.

"మెల్లిగా," అంది కరిదాద్.

"వచ్చే ఏడాది ఎవరు మోస్తారు?" అని అడిగాడు.

"ఎవరు గీతకి సరిపోతే వాళ్ళు. ప్లేటు కాస్త మందంగా వెయ్యమని డాక్టరమ్మనడుగు."

గినేస్ వంటింట్లోకి వెళ్ళి, చెయ్యి తుడుచుకోవడం మరిచిపోయి, కాగితం మీద తన ఖాళీ చోట సంతకం పెట్టాడు. పేరు పక్కన నూనె మరక పడింది. గుడ్డు ఒలిచి, సగం తాను తిని, సగం ఆమెకు పట్టుకెళ్ళాడు.