అర్హత గల చేయి

ఆ తల్లికి ఉన్న అతి పెద్ద భయం ఒక్కటే: ఏడాదిన్నర కూతురు తనవైపు చేతులు చాచడం మానేస్తుందని. ఆమె వైద్యానికి వెళ్తున్న ఫిజియోథెరపీ విభాగానికి ఉన్న అతి పెద్ద భయం వేరు: చేత్తో చేసే వైద్యం గొప్పదో, యంత్రంతో చేసేది గొప్పదో తేలకముందే రోగులకు నయమైపోతుందేమోనని. ఈ రెండు భయాల్లో రెండోదానికి మాత్రమే ఒక కమిటీ ఉంది.

పిల్లను ఎత్తుకుని స్నానాల గదిలో జారిపడినప్పుడు తల్లి కుడి మోచెయ్యి విరిగింది. పిల్లకు గీత కూడా పడలేదు. ఆరు వారాల తర్వాత కట్టు విప్పితే, చెయ్యి సగం వంగి అక్కడే భీష్మించుకు కూర్చుంది. వంచమంటే వంగదు, చాచమంటే సాగదు. పిల్ల ఏడిస్తే ఎత్తుకునేది అత్తగారే.

విభాగంలో తులనాధికారి అని ఒకాయన ఉన్నాడు. పోల్చడమే ఆయన ఉద్యోగం. బేసి నంబరు చీటీ వచ్చినవాళ్ళను చేతి వైద్యానికీ, సరి నంబరువాళ్ళను యంత్రానికీ పంపి, ఎవరికి ఎంత నయమైందో పైకి రాయాలి. (నయంకానివాళ్ళను ఎక్కడ రాయాలో పైనుంచి ఇంకా స్పష్టత రాలేదు.) తల్లికి పద్నాలుగో నంబరు వచ్చింది.

"ఎంతవరకు వంగుతోందమ్మా?"

"గడ్డం దాకా వస్తోంది సార్. నోటికి అందదు. జడ సంగతి అడక్కండి, అత్తమ్మే వేస్తోంది."

"ఫారంలో గడ్డం అనే గడి లేదు."

"మరేమున్నాయి సార్?"

"సంతృప్తికరం. మిక్కిలి సంతృప్తికరం."

ఆమె చదువు ఎనిమిదో తరగతిలోనే ఆగిపోయింది. రెండిట్లో పొట్టిగా ఉన్నదాని పక్కన టిక్కు పెట్టి, ఎడమ చేత్తో సంతకం చేసింది.

మూడో గదిలోని యంత్రం మంచిదే. చేతిని పట్టీలతో బిగించుకుని, గుర్రుమంటూ, నెమ్మదిగా వంచి చాస్తుంది. విసుక్కోదు, ఊసులాడదు. దాని కోరిక ఒక్కటే: తిరుగుతున్నంతసేపూ అర్హత గల ఒక చేయి దాని బటన్ మీద ఉండాలి. చేయి తీస్తే ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. తులనాధికారి వచ్చి తాళం తిప్పేదాకా పట్టీలు వదలవు. (భద్రత కోసం.)

విభాగంలో అర్హత గల చేతులు రెండే రెండు. అవి ఫిజియో అక్కవి. ఇరవై ఏళ్ళుగా బిగుసుకున్న కీళ్ళను బతిమాలి, బెదిరించి కదిలించిన ఆ చేతులు ఇప్పుడు పొద్దస్తమానం బటన్ నొక్కుతున్నాయి. బేసి నంబరువాళ్ళు వరండాలో కూర్చుని వాటికోసం ఎదురుచూస్తున్నారు. అందుకే నెల మొదటి వారంలోనే నెలాఖరు నివేదిక తయారైపోయింది: చేతి వైద్యంతో నయమైనవారు, సున్నా.

యంత్రంలో ఉన్నంతసేపూ తల్లి చెయ్యి బుద్ధిగా వంగేది. బయటికి తీయగానే మళ్ళీ మొండికేసేది. మొదట్లో పిల్ల ఆమెను చూడగానే చేతులు చాచేది. తర్వాత చాచే ముందు కాసేపు ఆలోచించేది. పదకొండో రోజు తల్లి పక్కనుంచే నడిచివెళ్ళి నానమ్మ మోకాళ్ళు పట్టుకుంది.

"నన్నలా చూస్తావేంటే?" అంది అత్తగారు. "ఎవరెత్తుకుంటే వాళ్ళ దగ్గరికి పోతుంది. నేనేమన్నా దానికి మందు పెట్టానా?"

మర్నాడు పట్టీల్లో చెయ్యి పెడుతూనే తల్లి ఏడ్చేసింది. "ఇది వంచితే నాకేం లాభం అక్కా? రేపు నా పిల్లను కూడా ఇదే ఎత్తుకుంటుందా?"

అక్క తలుపువైపు చూసింది. "మెల్లగా తల్లీ. నాకు భోజనానికి అరగంట ఇస్తారు. ఆ అరగంటా నా చేతులు నావే."

భోజనవేళ వరండా చివరి బల్ల మీద పని మొదలైంది.

"ఊపిరి బిగబట్టకు. ఎక్కడ పట్టేస్తోంది, ఇక్కడా?"

"అమ్మో! చచ్చాను!"

"చస్తే ఫారం మళ్ళీ నింపాలి. కదలకు."

చేతి వైద్యంలో ఉన్న లోపమే అది. నొప్పి ఎక్కడుందో కనుక్కుంటుంది. అడుగుతుంది, ఆగుతుంది, తిడుతుంది. వీటికి గడులు లేవు.

మూడు వారాలు అక్క భోజనం మానేసింది. తల్లి చెయ్యి నోటికి అందింది, చెవికి అందింది, చివరికి జడకూ అందింది. తులనాధికారి "యంత్రంతో నయం: ఒకటి" అని రాసుకుని, చీటీ మీద ముద్ర వేశాడు.

"సార్, అది అక్క చేత్తో..."

"నీ నంబరెంతమ్మా?"

"పద్నాలుగు."

"సరి సంఖ్యే కదా?"

ఆమె ఒప్పుకోక తప్పలేదు.

అదే రోజు, శుక్రవారం, అక్క మణికట్టు వాచిపోయింది. తులనాధికారి దయగలవాడు, ఆమెకూ వైద్యం మంజూరు చేశాడు. యంత్రంతో. మరి బటన్ ఎవరు నొక్కాలి? "నయమైన చేయి అర్హత గల చేయిగా పరిగణింపబడును" అని అప్పటికప్పుడు ఒక సవరణ రాసి, తల్లి చేతిని బటన్ మీద పెట్టించి, తాళం జేబులో వేసుకుని, పోల్చడంలో పై శిక్షణకు పొరుగూరు వెళ్ళిపోయాడు.

"ఒక్క గంటే తల్లీ, గంట నిండితే పట్టీలు వాటంతటవే ఊడతాయి," అంది అక్క పట్టీల్లోంచి. "వదలకేం."

"ప్రాణం పోయినా వదలనక్కా."

ఇరవై నిమిషాలు గడిచాక అత్తగారు పిల్లను చంకనేసుకుని గుమ్మంలోకి వచ్చింది. పిల్ల యంత్రాన్ని చూసింది. అక్కను చూసింది. తల్లిని చూసింది. నానమ్మ చంకలోంచి ముందుకు వంగి, రెండు చేతులూ చాచింది.

తల్లి కూడా రెండు చేతులూ చాచింది.

ఆ తర్వాత సంగతులు ఆమెకు సరిగ్గా గుర్తులేవు. పిల్ల బరువు గుర్తుంది; మూడు నెలల్లో ఎంత పెరిగిపోయింది! మెడ దగ్గరి పాలవాసన గుర్తుంది. ఏడుస్తూ నవ్వుతూ బస్సు దాకా మోసుకెళ్ళింది. వెనకనుంచి అక్క అరిచింది కానీ ఆమెకు వినపడలేదు. "ఎడమ చంకన వేసుకో, ఆ మోచేతి మీద బరువెయ్యకు!" అని అరిచిందని అత్తగారు బస్సులో చెప్పింది.

బటన్ మీద చెయ్యి తీసేసిన సంగతి తల్లికి అప్పుడు గుర్తొచ్చింది. బస్సు ఆపించి, పిల్లతో సహా వెనక్కి పరుగెత్తింది. గేటు దగ్గర కాపలాదారు చీటీ చూశాడు.

"నయమైంది అని ముద్ర ఉందిగా. నయమైనవాళ్ళకు ప్రవేశం లేదమ్మా."

"లోపల మనిషి ఇరుక్కుపోయిందయ్యా!"

"ఆవిడకు చీటీ ఉందా?"

"ఉంది!"

"మరింకేం. ఉండనీ."

తులనాధికారి సోమవారం వస్తాడు. తల్లి పిల్లనెత్తుకుని గేటు బయటే నిలబడి, వచ్చేపోయేవాళ్ళను బతిమాలుతోంది. నొప్పి ఉన్నవాళ్ళను ఆపే అధికారం కాపలాదారుకు లేదు కాబట్టి, మీలో ఎవరికైనా మెడో మోకాలో పట్టేసి ఉంటే (లేకపోతే కాస్త కుంటండి), దయచేసి లోపలికి వెళ్ళి మూడో గదిలో అక్క ఎలా ఉందో చూడండి. కాసిని మంచినీళ్ళు తాగించండి. తలుపు తట్టి ఊరుకోకండి, ఆవిడ లేచి తీయలేదు.