నిద్రపోయే కాపరి వేషం

ఏరు పొంగి ఫాదర్ విటాలే గారి కోళ్లగూటిని కోళ్లతో సహా సముద్రంలోకి మోసుకుపోయిన వరద ఉంది చూశారూ, దాని తర్వాత వచ్చిన రెండో క్రిస్మస్ నాటి సంగతి ఇది. ఆ వరదకి ఊళ్లో అందరి ఇళ్లలోకీ నీళ్లొచ్చాయి. అందరూ సామాన్లు మోసుకుంటూ మేడలెక్కారు. సబాటీనో మాత్రం మంచం మీద అటువైపు తిరిగి పడుకున్నాడు. అప్పటినుంచీ రేవులో అతన్ని దిండు సబాటీనో అంటారు.

అతనికి పడవ ఉంది, వల ఉంది, భార్య అస్సుంటా ఉంది. వాటి మీద అతనికి పగేమీ లేదు. ప్రాణం మాత్రం మేడమీది దక్షిణం గది. ఆ గదిలోకి డిసెంబరులో కూడా పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఎండే. కిటికీ తీస్తే సముద్రం, మూస్తే నిద్ర.

ఆ గది మీద అత్తగారి కన్ను పడింది. ఆవిడ పేరు ఎర్సీలియా. ఉండేది కొండల మీద, మంచు కురిసే ఊళ్లో. చలికాలం వచ్చిందంటే ఆవిడకి దగ్గు.

"ఏమయ్యా, అమ్మకి సముద్రం గాలి తగలాలన్నాడట వైద్యుడు" అంది అస్సుంటా వంటింట్లోంచి.

"గాలేగా. సీసాలో పట్టి పంపిద్దాం."

"పండక్కి తీసుకొద్దాం. చలి పోయేదాకా మన దక్షిణం గదిలో ఉంటుంది."

"గది లేదు."

"మరి రోజూ మధ్యాహ్నం నువ్వు పడుకునేదేమిటి?"

"అది గది కాదు, వైద్యం."

"ఏ జబ్బుకి?"

"నీతో కాపురానికి."

అస్సుంటా ఉల్లిపాయలు తరగడం ఆపింది. కత్తి మాత్రం కింద పెట్టలేదు.

"కిందటేడూ ఇదే మాట, ముందటేడూ ఇదే మాట. మా అమ్మ ఆ మంచులో బిగుసుకుపోయాక ఇస్తావా గది?"

"అప్పుడు ఆవిడకి గదెందుకూ?"

ఇక వంటింట్లోంచి మాట రాలేదు. పెళ్లాం మాట్లాడకపోతే మొగుడు రెండు రకాలుగా అర్థం చేసుకోవచ్చు. సబాటీనో గెలిచాననుకున్నాడు.

అయినా పండగంటే అతనికి దడే. నీళ్లు మోయాలి, కట్టెలు కొట్టాలి, పండగ ముందురోజు విందుకి బతికున్న పాముచేపని తెచ్చి కోయాలి. అది మగాడి పని అని ఎవడో పనిలేని మగాడు ఎప్పుడో రాసిపెట్టాడు. వీటన్నిటినీ తప్పించుకునే మార్గం అతనికి మంచం మీదే తట్టింది. లేచి ఫాదర్ విటాలే దగ్గరికి వెళ్లాడు.

మా ఊళ్లో పండగ ముందురోజు సాయంత్రం గుడి ముందు మనుషులే వేషాలు కట్టి బెత్లెహేమును నిలబెడతారు. అందులో అన్నిటికంటే పై మెట్టు మీద గడ్డిలో ఒక కాపరి నిద్రపోతూ ఉంటాడు. కింద కనబడే గాడిదా, పశువుల పాకా, పసివాడూ అంతా వాడి కలేనట. గుడి గంట కొట్టకముందే వాడు కన్ను తెరిచినా నోరు తెరిచినా కల చెదిరిపోతుంది. ఏడాది పొడుగునా రేవులో వలలు ఖాళీగా లేస్తాయి. అందుకే ఆ వేషం వేసేవాడికి పండగకి కొన్నాళ్ల ముందునుంచీ ఎవరూ ఏ పనీ చెప్పరు.

"నాకు ఆ కాపరి వేషం ఇవ్వండి ఫాదర్" అన్నాడు సబాటీనో.

"నీకు సాధన కూడా అక్కర్లేదు నాయనా" అన్నాడు ఫాదర్. "పోనీ సత్రం వాడి వేషం వెయ్యకూడదూ? ఏటా వేసే రొట్టెలవాడికి కాళ్లనొప్పులట. ఒక్కటే మాట. జోసెఫు వచ్చి తలుపు కొడితే 'గది లేదు' అనాలి."

"వద్దు ఫాదర్. ఆ మాట ఇంట్లో అనీ అనీ అలిసిపోయాను."

సంగతి విని అస్సుంటా అంది: "మరి పాముచేపని ఎవరు తెస్తారు?"

"నేను కాపరిని. చేపలతో నాకేం పని?"

"కట్టెలు?"

"నన్ను కదపకూడదు. ఊరి కల చెదిరిపోతుంది."

"సరే. పడుకో. దేవుడి పని కదా" అంది అస్సుంటా మెత్తగా.

ఆవిడ అంత తొందరగా ఒప్పుకుందంటే ఎవరికైనా అనుమానం రావాలి. సబాటీనోకి వచ్చేదే, కానీ అప్పటికే పడుకున్నాడు.

పండగ ముందురోజు సాయంత్రం ఊరంతా గుడి ముందుకి వచ్చింది. గాలి గోరువెచ్చగా ఉంది. గొర్రెతోలు కప్పుకున్న సబాటీనోకి చెమట కూడా పట్టింది. గడ్డిలో వెల్లకిలా పడుకుని కళ్లు మూశాడు. ఇంతకంటే మంచి పండగ తన జన్మలో ఎరగననుకున్నాడు.

అప్పుడు దగ్గు వినిపించింది.

ఆ దగ్గు అతనికి పెళ్లినాటినుంచీ తెలుసు.

"ఏడీ నా అల్లుడు?" అంటూ ఎర్సీలియా మెట్లెక్కి వచ్చింది. పక్కనే అస్సుంటా, చేతిలో తడిగుడ్డ కప్పిన బుట్ట. ఇద్దరూ అతని పక్కన గడ్డిలో చతికిలబడ్డారు.

"పడుకున్నావా నాయనా? పడుకో. పెళ్లిపీటల మీదా ఇలాగే ఉన్నావు."

"మెల్లిగా అమ్మా, లేస్తే పండగంతా పాడవుతుంది."

"వీడు లేస్తాడుటే? వరదకే లేవలేదు."

కింద జనం పకపకా నవ్వారు. అస్సుంటా లేచి నిలబడింది.

"ఫాదర్, మీరూ ఊరూ సాక్షి. ఏమయ్యా, మా అమ్మకి దక్షిణం గది ఇస్తున్నాను. వసంతంలో పిట్టలు తిరిగొచ్చేదాకా అందులోనే ఉంటుంది. నీకిష్టం లేకపోతే ఇప్పుడే, అందరి ముందూ చెప్పు."

'గది లేదు' అన్న మాట సబాటీనో కడుపులోంచి లేచి పళ్లదాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే కింద అతని పడవ జతగాడు గట్టిగా అన్నాడు: "ఒరే దిండూ, నోరు తెరిచావో, రేపట్నుంచి వల నువ్వొక్కడివే లాక్కో."

ఒక్కడే వల లాగడమా! సబాటీనో పళ్లు బిగించాడు.

ఇంతలో చీలమండకి చల్లగా ఏదో తగిలింది. జాలరి కనక అది పాముచేపేనని వెంటనే పోల్చుకున్నాడు. పోల్చుకోకపోయినా బాగుండేది. అది వెచ్చదనం వెతుక్కుంటూ లాగులోకి దూరింది. మోకాలు దాటింది. నడుం దగ్గర కాసేపు ఆగి, చొక్కాలోకి వెళ్లి పక్కటెముకల మీద మెలికలు తిరగడం మొదలుపెట్టింది. అతనికి చక్కిలిగింత అక్కడేనని ఊళ్లో తెలిసినది ఒక్కరికే. ఆ ఒక్కరూ ఖాళీ బుట్ట పట్టుకుని ఆకాశం చూస్తున్నారు.

సబాటీనో పెదవులు సాగాయి. ఇంకా సాగాయి. చెవులదాకా వెళ్లాయి.

"నవ్వుతున్నాడు! ఇస్తానంటున్నాడు!" అన్నారు జనం.

"నిద్రలో కూడా ఇచ్చే చెయ్యి!" అని ఫాదర్ కళ్లు తుడుచుకున్నాడు. ఆయన కోళ్లు పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు.

"ఇంత మంచివాడని తెలియక ఇన్నాళ్లూ తిట్టుకున్నానే" అంది ఎర్సీలియా.

"మంచితనం లోపలెక్కడో ఉంటుందమ్మా" అంది అస్సుంటా. "కదిలించాలి, అంతే."

గంట కొట్టారు. సబాటీనో చావుకేక పెట్టి లేచాడు. పాముచేప మెడ దగ్గర్నుంచి ఎగిరి సత్రం వాడి వేషంలో ఉన్న రొట్టెలవాడి మొహాన పడింది. రొట్టెలవాడు అన్న మాట బైబిల్లో లేదు. గాడిద బెదిరి మేరీమాతతో సహా రేవుకేసి పరిగెత్తింది. కల చెదరలేదు కానీ, బెత్లెహేము చెదిరింది.

ఇంటికొచ్చి ఆ పాముచేపని సబాటీనోయే కోశాడు. ఆ పండగలో మనసుపెట్టి చేసిన పని అదొక్కటే.

"బుట్ట మీద గుడ్డ ఎవరు తీశారే?" అన్నాడు కత్తి తుడుస్తూ.

"నువ్వు నిద్రపోతున్నావుగా, తీశారని నీకెలా తెలుసు?"

సబాటీనో కత్తిని గోడకి తగిలించాడు. మేడమీది మంచం ఇక తనది కాదు. వంటింట్లో పొయ్యి పక్కన, కొట్టని కట్టెల దగ్గర పడుకున్నాడు. మేడమీంచి అత్తగారి గురక వినిపించింది. దగ్గు వినిపించలేదు.

మర్నాడు పొద్దున్న, పెళ్లయ్యాక మొదటిసారి, ఊరికంటే ముందే లేచాననుకుంటూ సబాటీనో ఫాదర్ దగ్గరికి వెళ్లాడు.

"ఫాదర్, వచ్చే ఏడాది నాకు నోరున్న వేషం ఇవ్వండి. ఆ సత్రం వాడిది. 'గది లేదు' అనేది."

"అయ్యో, ఆలస్యం చేశావు నాయనా. రొట్టెలవాడు ఇక వెయ్యనన్నాడు. పొద్దుటి పూజకొచ్చి మీ అత్తగారు ఆ వేషం అడిగి పుచ్చుకుంది."

"వచ్చే ఏడాదికా?"

"వచ్చే ఏడూ ఇక్కడేనటగా. ఏం గొంతయ్యా ఆవిడది! పాటలో అందరికంటే పైకి ఎత్తుకుంది."

సబాటీనో ఇంటికొచ్చాడు. మేడెక్కి, మారు మాట్లాడకుండా, కిటికీ దగ్గర అత్తగారు కూర్చున్న కుర్చీని ఎండవైపు తిప్పాడు.