బూజు కోసం వీధంతా

ఆ ఉదయం సైన్సు మాస్టారికి ఉన్న పని ఒక్కటే: అలమరలోంచి రెండు సీసాలు తీసి సంచిలో పెట్టుకోవడం. రెండింటిలోనూ తడిపిన బ్రెడ్డు ముక్కలున్నాయి. ఒకదానికి లవంగనూనె రాశారు, రెండోదానికి రాయలేదు. లవంగం చెట్టు తన ఒంటిని కాచుకోవడానికి యూజెనాల్ అనే ఘాటు సరుకు తయారుచేసుకుంటుందనీ, దాని ముందు బూజు తోక ముడుస్తుందనీ బడి తనిఖీకొచ్చే అధికారికి చూపించాలి. చూపిస్తే, బళ్లో ఎవరూ తెరవని వెనక గది ప్రయోగశాల అవుతుంది. లేకపోతే విరిగిన బల్లల పాలవుతుంది.

తీసి చూస్తే రెండు ముక్కలూ పెళ్లికొడుకుల్లా నిగనిగలాడుతున్నాయి.

"అత్తయ్యగారూ, రెండోదాని జోలికి వెళ్లారా?"

"ఒకదానికి రాసి ఇంకోదాన్ని ఉత్తినే వదిలేస్తారేంటి అల్లుడుగారూ? పంక్తిభేదం పాపం కాదూ? రోజూ రెండింటికీ సమంగా రాస్తున్నా," అంది అత్తగారు.

మాస్టారు పరుగున వెళ్లి పక్కింటి తలుపు తట్టారు.

"అక్కయ్యగారూ, బూజుపట్టిన బ్రెడ్డు మీ ఇంట్లో ఉంటుందా?"

"మా ఇల్లు మీ కంటికి అలా కనబడుతోందా?"

తలుపు మొహం మీదే మూసుకుంది. వీధి మూలనున్న బేకరీలోనూ అదే అడిగారు. బేకరీవాడు ఆయన్ని తనిఖీ మనిషనుకుని వేడి బ్రెడ్డు రెండు పొట్లాలు చేతిలో పెట్టి, "పిల్లలున్నవాణ్ణి సార్," అన్నాడు.

బళ్లో అధికారి సీసాలు అటూఇటూ తిప్పి చూశారు. "రెండూ బాగానే ఉన్నాయి. ఇందులో లవంగం గొప్పేముంది మాస్టారూ?"

మాస్టారు జవాబు చెప్పేలోగా పక్కింటావిడ గుమ్మంలోకి వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులో పచ్చటి నూగుపట్టిన బ్రెడ్డు.

"మీ చెత్తబుట్టలోదే. మిగిలిన ముక్కలు మీ అత్తగారే పారేశారట. ఎవరింట్లో బూజుందో ఈ పెద్దాయన్నే చూడనివ్వండి."

అధికారి దాన్ని సీసాల పక్కన పెట్టి కళ్లజోడు సర్దుకున్నారు.

"ఒకే బ్రెడ్డా?"

"అవునండీ. ఒకే రోజు కొన్నది."

"నూనె తగిలినవి శుభ్రం, తగలనిది పచ్చికబయలు. బాగుంది. అమ్మా, మీరు మాస్టారికి సహాయకులా?"

తిట్టడానికొచ్చిన ఆవిడ కొంగు సర్దుకుని సీసాల పక్కన నిలబడింది.

గది మంజూరైంది. తాళం తీసి చూస్తే, మాస్టారు వీధంతా తిరిగి అడుక్కున్న సరుకు నాలుగు గోడలకీ పచ్చగా పట్టి ఉంది.