నివేదిక మొత్తం తెర మీదికి

ఆ ఉదయం మునిసిపాలిటీ ఉద్యోగిని జోర్నిత్సా పెట్టుకున్న పని చాలా చిన్నది. మూలమీది కొట్లో వేడివేడిగా జున్ను కూరిన బానిత్సా రొట్టె ఒకటి తినాలి. తాను వారం రోజులు కూర్చుని చెక్కిన పది స్లైడ్లను ఇంకోసారి చూసుకోవాలి. ఆపైన రాజధాని సోఫియా నుంచి వచ్చే నిధుల సంఘం ముందు నిలబడి గడగడా చెప్పేసి ఇంటికి పోవాలి. గోర్నా టోప్లా ఊరి వేడినీటి స్నానశాల కప్పు కారీ కారీ, ఆడవాళ్ళ గది పోయినేడే మూతపడింది. ఈసారి నిధులు రాకపోతే మగవాళ్ళ గదికీ తాళమే.

బానిత్సా సగంలో ఉండగా మేయర్ కలాయ్‌జియెవ్ ఆమె గదిలోకి వచ్చి, భుజం మీదుగా లాప్‌టాప్‌లోకి తొంగిచూశాడు.

"ఇంజనీరు నివేదిక ఎక్కడమ్మా ఇందులో?"

"మూడో స్లైడులో సారాంశం పెట్టాను సార్."

"సారాంశమా! పెళ్ళికి పిలిచి వాసన చూపించి పంపుతావా? మొత్తం పెట్టు. ప్రతి అక్షరం తెర మీద కనబడాలి. పక్క ఊరికి నిధులెందుకు రాలేదో తెలుసా? ఏదో కాగితం తగ్గిందట!"

"అది నూట నలభై పేజీలు సార్. అసలు మీరు చదివారా?"

"నేను సంతకం పెట్టాను," అన్నాడు మేయర్, చదవడం తన హోదాకు తగని పని అన్నట్టు.

జోర్నిత్సా మొదట స్లైడుకు రెండు పేజీల చొప్పున అతికించింది. అక్షరాలు చీమల తలల్లా అయ్యాయి. తర్వాత పేజీలను బొమ్మలుగా మార్చి పెట్టబోతే మునిసిపాలిటీవారి ఆ ముసలి లాప్‌టాప్ ఉబ్బసం రోగిలా రొప్పి, ఆగిపోయింది. దాన్ని మళ్ళీ బతికించేసరికి సంఘంవారి కారు చౌరస్తాలోకి వచ్చేసిందని కబురు. ఆమె ముఖం చూసి, పన్నుల కౌంటరులో పనిచేసే ప్లామెన్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఓస్, దీనికేనా ఏడుపు! ఫైలుని నేరుగా స్లైడ్లలోకి తెరిస్తే శీర్షికలు ఏరుకుని దానంతటదే స్లైడ్లు చేసేస్తుంది. ముప్పై వస్తాయేమో, అంతే. వాటంతటవే మారేలా కూడా పెడతా. నువ్వు చేతులు కట్టుకుని నవ్వుతూ నిలబడు, చాలు."

ప్లామెన్ మాటలో అబద్ధం లేదు. అయితే ఇంజనీరు మెతోదికి చూపు ఆనదు. అక్షరాలు పెద్దవిగా కనబడతాయని ఆయన నివేదిక మొత్తాన్ని మొదటినుంచి చివరిదాకా శీర్షికల అక్షరాలతోనే కొట్టాడు. అందుచేత కంప్యూటరు ప్రతి వాక్యాన్నీ ఒక శీర్షికగా లెక్కగట్టి, వాక్యానికో స్లైడు చేసి పెట్టింది. అన్నీ కలిపి వెయ్యి దాటాయి. అది చూసుకునే తీరిక ఎవరికీ లేకపోయింది.

సభ బోసిపోతుందేమోనని మేయర్ స్నానశాలలో ఉన్న మగవాళ్ళనూ, ఊళ్ళో అవ్వలనూ రప్పించాడు. మగవాళ్ళు భుజాన తువ్వాళ్ళతో, తడి జుట్టుతో వచ్చి మునిసిపాలిటీ హాల్లో కూర్చున్నారు. సంఘం అధ్యక్షురాలు స్తాయ్కోవా కళ్ళజోడు సవరించుకుని లేచింది.

"మీ ఇంజనీరు నివేదికను మేం మొదటి విడతలోనే అక్షరం అక్షరం చదివాం. నూటికి తొంభై ఎనిమిది మార్కులు వేశాం. ఇలాంటి నివేదిక అరుదు."

రెండో వరసలో మెతోది సిగ్గుతో మెలికలు తిరిగాడు. కిటికీ తెరలు దించారు. స్లైడ్లు మొదలయ్యాయి.

"కప్పు కారుచున్నది," అని పైకి చదివింది ముందు వరసలోని త్సోనా అవ్వ, బడిలో పాఠంలాగా. వెంటనే తర్వాతిది వచ్చింది. "గోడల పలకలు చెక్కుచెదరలేదు... ఎవడన్నాడు? నా మడమ తెగింది దానికే!"

హాలంతా గొల్లుమంది. జోర్నిత్సా ఆపుదామని ఏ మీట నొక్కినా ఇంకో వాక్యం ముందుకు దూకుతోంది.

"ఆపు, ఆపు!" అని మేయర్ పళ్ళ మధ్యనుంచి బుసకొట్టాడు.

"మొత్తం కావాలన్నది మీరే కదా సార్!"

ప్లామెన్ బల్ల కింద దూరి చేతికందిన తీగ లాగేశాడు. ప్రొజెక్టరు ఆగలేదు, హాల్లో దీపాలు ఆరిపోయాయి. చిమ్మచీకట్లో అక్షరాలు పండగ దీపాల్లా వెలిగిపోయాయి.

"కొండపైకెక్కించు కేబుల్ లిఫ్టు తాళ్ళు దృఢముగానున్నవి," చదివింది అవ్వ. "లిఫ్టు కుర్చీలపై మంచు పేరుకొనకుండ ఎప్పటికప్పుడు దులుపవలెను."

నవ్వులు ఆగిపోయాయి. వెనకనుంచి గెర్గాన్ తాత గొంతు ఖంగుమంది. "మన ఊరికి లిఫ్టెప్పుడొచ్చిందిరా? ఆ స్నానశాల మెట్లెక్కలేక నా మోకాళ్ళు అరిగిపోతుంటే ఒక్కడూ చెప్పడే!"

మెతోది బూటు తాడు కట్టుకోవడానికి వంగాడు, మళ్ళీ లేవలేదు. ఎక్కడో మంచుకొండల ఊరికి రాసిన పాత నివేదికలో పేరు మార్చి పడేశాడని అందరికీ అర్థమైంది.

జోర్నిత్సా తువ్వాళ్ళవాళ్ళ వైపు చూసింది. ఉద్యోగం పోతే పోయింది, ఈ తడి జుట్టు ముసలాళ్ళు రేపటినుంచి ఎక్కడికి పోతారు? ఆమె ప్రొజెక్టరు వెలుగులోకి వెళ్ళి నిలబడింది. ఆమె నుదుటి మీద 'మంచు' అన్న మాట కదులుతోంది.

"మేడమ్, ఈ నివేదిక మాది కాదు. నేనూ చదవలేదు. కానీ కప్పు కారడం మాత్రం నిజం. వీళ్ళనే అడగండి."

స్తాయ్కోవా పక్కనున్న సభ్యుడి వైపు చూసింది. ఆయన పైకప్పు వైపు చూశాడు.

"అమ్మాయ్," అంది త్సోనా అవ్వ అధ్యక్షురాలితో, ఏమీ ఎరగనట్టు. "అక్షరం అక్షరం చదివామన్నారు కదా. మరి అప్పుడే అడగొద్దూ, ఈ లిఫ్టేమిటని?"

చీకట్లో ఎవరో కిసుక్కున నవ్వి తువ్వాలు అడ్డం పెట్టుకున్నారు. స్తాయ్కోవా ముఖంలో రంగులు మారాయి. ఆమె ఫైలు మూసి, మెడ నిటారుగా పెట్టింది.

"మేం అన్నీ చదివే మార్కులు వేశాం. లిఫ్టుతో సహా. ముందుచూపుతో చేసిన పథకం. మంజూరు చేస్తున్నాం."

మేయర్ అక్కడే కుర్చీలో కూలబడి, జోర్నిత్సా చెయ్యి పట్టుకుని ఊపుతూ ఉండిపోయాడు.

కప్పు వేశారు. ఆడవాళ్ళ గది తెరిచారు. మంజూరు పత్రంలోని షరతు ప్రకారం లిఫ్టు కుర్చీల మీది మంచు దులిపే ఉద్యోగం ఒకటి సృష్టించి, అందులో మెతోదిని వేశారు. చలికాలం పొడుగునా ఆయన లేని కుర్చీల స్థితిగతుల మీద నెలనెలా నివేదిక పంపుతున్నాడు. సోఫియా నుంచి ఇంతవరకు ఒక్క ప్రశ్నా రాలేదు.