ఒకటి నొక్కితే పర్సెంటు

ముందుగా మీ దగ్గర ఒక సంగతి ఒప్పుకోవాలి. ఈ కథలో జరిగిన తప్పంతా చందనదే. ఆమె మాత్రం, ఒకసారి నలుగురిలో ఒప్పుకుని కూడా, ఇప్పటికీ కీబోర్డుదంటుంది. ఊళ్ళోవాళ్ళు ఈ రెండు మాటలూ నమ్మరు.

చందన ఒక హైదరాబాదు కంపెనీకి నరసరావుపేట దగ్గర తన ఊళ్ళోనే కూర్చుని ప్రోగ్రాములు రాస్తుంది. పదకొండు రోజుల కిందట ఒక వీడియో చూసింది. అందులో ఒక గడ్డపాయన, మనమంతా వాడే కీబోర్డు ఉత్తరాలు రాసుకునేవాళ్ళదనీ, ప్రోగ్రాములు రాసేవాళ్ళ కోసం వేరే అమరిక ఉందనీ, అది నేర్చుకుంటే వేళ్ళ ప్రయాణం సగానికి సగం తగ్గుతుందనీ చెప్పాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కుర్చీలోంచి లేవని చందనకి, తన ఒంట్లో ప్రయాణం చేసేవి వేళ్ళొక్కటేననీ, పాపం వాటికి కూడా విశ్రాంతి కావాలనీ అప్పుడే తెలిసింది.

ఆ అమరికలో పై వరసంతా బ్రాకెట్లే. అంకె కావాలంటే షిఫ్ట్ నొక్కాలి. నొక్కినా వరసగా రావు: ఒకటి ఉండాల్సిన చోట పర్సెంటు గుర్తు, ఆ తర్వాత ఏడు, అయిదు, మూడు, ఒకటి, తొమ్మిది, సున్నా, రెండు... దీని వెనక గొప్ప శాస్త్రం ఉందట. కీల మీద అచ్చు మాత్రం పాతదే ఉంటుంది, కాబట్టి కీబోర్డు వంక చూడకూడదు. అది మొదటి నియమం. పదకొండు రోజుల సాధనతో చందన నిమిషానికి డెబ్బై మాటల నుంచి పద్నాలుగు మాటలకి ఎదిగింది.

ఆ రోజు ఆమె అనుకున్నది చాలా చిన్న కార్యక్రమం. అరగంట సాధన, నాలుగు ఇడ్లీలు, తొమ్మిదింటికి మీటింగు. ఇడ్లీ దాకా బాగానే నడిచింది. అప్పుడు నాన్న గోపాలరావు కాగితం పట్టుకుని వచ్చాడు.

సాగర్ కుడి కాలువ నుంచి ఆ ఊరికి వచ్చే చిన్న కాలువ కింద ఎనిమిది మంది రైతులున్నారు. వాళ్ళ సంఘానికి గోపాలరావు అధ్యక్షుడు. నీళ్ళు వదిలినప్పుడు ఎవరి తర్వాత ఎవరు తడుపుకోవాలో పెద్దలు ఏటా కూర్చుని చర్చించి తేలుస్తారు. ఏటా ఒకటే తేలుతుంది. కాలువ మొదట్లో ఇరవై ఎకరాలున్న కాంట్రాక్టరు వెంకట్రామయ్యది ఒకటో వంతు. కాలువ చివర ఎకరంన్నర మిరప వేసిన సీతమ్మది ఎనిమిదో వంతు. ఎనిమిదో వంతు వచ్చేసరికి కాలువలో చెప్పులు తడిసేంత నీళ్ళు కూడా ఉండవు. అధ్యక్షుడై ఉండి కూడా గోపాలరావు అయిదో వంతే తీసుకుంటాడు. ఆయన పరువంతా ఆ అయిదులోనే ఉంది.

"అమ్మాయ్, పదకొండింటికి నీళ్ళొదులుతన్నారు. ఈసారి చేత్తో రాసేది లేదు, రాస్తే దిద్దారంటన్నారు. కంప్యూటర్లో కొట్టి గ్రూపులో పెట్టు."

"మీటింగుంది నాన్నా."

"ఎనిమిది నెంబర్లే! ఆ మాత్రం కొట్టకపోతే నీకు జీతమెందుకిస్తన్నారు?"

పేర్లు పోయినేడాది ఆమె కొట్టిపెట్టిన సంఘం సభ్యుల లిస్టులో ఉన్నాయి. నాన్న చదువుతుంటే చందన ఒక చెవి మేనేజరుకిచ్చి, ఒక చెవి నాన్నకిచ్చి, వంతుల గడి నింపింది. షిఫ్ట్ నొక్కాలన్న సంగతి గుర్తుంది. అంకెలు చోటు మారాయన్న సంగతి మనసుకి గుర్తుందిగానీ వేళ్ళకి లేదు. లిస్టు ఫొటో అయి గ్రూపులోకి వెళ్ళిపోయింది.

"ఒకసారి చూసుకున్నావా?"

"చూడకూడదు నాన్నా, అదే రూలు."

గోపాలరావు సంతోషంగా గ్రూపులో వాయిస్ పెట్టాడు: "ఇది కంప్యూటర్ లిస్టు. మా అమ్మాయి కొట్టింది. ఇందులో తప్పుండదు. దీనికి తిరుగులేదు."

తొమ్మిదిన్నరకి ఏడో వంతు కోటయ్య చెప్పులు కూడా విడవకుండా లోపలికి వచ్చేశాడు.

"సున్నానా? నా పేరు పక్కన సున్నానా? ఎలక్షన్లో అటేపు తిరిగానని నా పొలానికి నీళ్ళే లేకుండా చేస్తావా గోపాలన్నా?"

గోపాలరావు నోరు తెరిచేలోపు ఫోను మోగింది. స్పీకర్ నొక్కక్కర్లేకుండానే వెంకట్రామయ్య గొంతు ఇల్లంతా వినిపించింది.

"ఏందయ్యా ఇది! నా పేరు పక్కన పర్సెంటు గుర్తు పెడతావా? కాలవ రిపేరు పనిలో నేను పర్సెంటు తిన్నానని ఊరంతా చాటింపేత్తావా?"

వెంకట్రామయ్య పర్సెంటు తిన్న సంగతి అప్పటిదాకా గ్రూపులో ఎవరికీ తోచలేదు. అదే మాట ఆయన గ్రూపులో కూడా అడిగాక అందరికీ తోచింది.

గోపాలరావు కళ్ళజోడు పెట్టుకుని మొదటిసారి లిస్టు చూశాడు. ఆయన పేరు పక్కన ఒకటి ఉంది. కిందనే ఎవరో పెట్టిన దండం బొమ్మలు వరసగా పదిహేడు ఉన్నాయి.

"నాకు ఒకటెవరిచ్చారే?"

చందన తెర చూసింది. తర్వాత నియమం తప్పి కీబోర్డు కూడా చూసింది. "అయిదు నొక్కితే ఒకటి పడుద్ది నాన్నా. ఇది ప్రోగ్రామర్ల కోసం తయారుచేసిన అమరిక."

"వాళ్ళకి లెక్కలు రావా?"

"ఇంకో లిస్టు పెడతా."

"ఎట్టా పెడతావే? దీనికి తిరుగులేదని నోటితో చెప్పా! ఇప్పుడు మారిస్తే, దొరికిపోయి మార్చాడంటారు." ఆయన గొంతు తగ్గింది. "ఇరవై ఏళ్ళల్లో నన్నెవరూ ఒక్క మాటనలేదమ్మా."

ముందు కోటయ్యని కదిలించాలి. చందనకి తోచిన మాట, విచిత్రంగా, నిజం కూడా. "బాబాయ్, మా లెక్క సున్నాతోనే మొదలవుద్ది. సున్నా అంటే అందరికంటే ముందు."

"ఒట్టు?"

"ఏ కంపెనీలోనైనా అడుగు."

కోటయ్య ఏ కంపెనీనీ అడగలేదు. చెప్పులు విడిచి, కాఫీ అడిగాడు.

వేళ్ళ ప్రయాణం తగ్గించుకున్న చందన, లాప్‌టాప్ సంచిలో వేసుకుని, నాన్నని వెనక ఎక్కించుకుని, గతుకుల మీద ఆరు కిలోమీటర్లు స్కూటీ తోలింది. కాలువ గట్టు మీద అప్పటికే పారలతో జనం ఉన్నారు. గేట్లు చూసుకునే లస్కరు నూర్ మొహమ్మద్, ఎవరి వైపూ చూడకుండా ఆకాశం వైపు చూస్తున్నాడు. సీతమ్మ ఒక పక్కన నిలబడి ఉంది. ఆమె చేతిలో ఫోను, ఫోనులో లిస్టు, లిస్టులో ఆమె పేరు పక్కన రెండు.

"ఎండ ఉండగానే నీళ్ళొస్తయ్యంటగా తల్లీ," అంది సీతమ్మ. "ఆకు ముడుచుకుంటంది. ఇంకో వారమైతే తోట పీకేసుకోవాల."

అప్పుడు చందనకి లెక్క స్పష్టంగా అర్థమయింది. నిజం చెబితే నాన్న పరువు నిలుస్తుంది, సీతమ్మత్త రెండు మళ్ళీ ఎనిమిదవుతుంది. చెప్పకపోతే తోట నిలుస్తుంది, నాన్న దొంగవుతాడు. ఆమె నాన్న మొహం చూసింది. లాప్‌టాప్ తెరిచింది.

"అందరూ చూడండి. నేను అయిదు నొక్కుతున్నా. ఏం పడింది?"

"ఒకటి," అన్నారు జనం.

"ఎనిమిది నొక్కుతున్నా."

"రెండు!"

"నాన్న సరిగ్గానే చెప్పాడు. కీబోర్డు మార్చింది. తప్పు నాది."

వెంకట్రామయ్య మొహం వికసించింది. "అంటే ఆ పర్సెంటు కూడా మిషనే పెట్టిందిగా? నేను మొదట్నించీ చెప్తన్నా! ఇంక ఈ లిస్టు చెల్లదు. పాత వంతులే. నూర్, నా తూము ఎత్తు."

"ఆగు పెద్దాయనా," అన్నాడు కోటయ్య. అందరికంటే ముందున్న మనిషి ధీమా అతని గొంతులో ఉంది. "పర్సెంటు మిషన్ పెట్టిందంటే, నా సున్నా, సీతమ్మొదిన రెండూ మిషనే పెట్టింది. మనిషి చెయ్యి పడని లిస్టు ఈ ఊళ్ళో ఇదే మొదటిది. కాదు, చెల్లదంటావా? అయితే పర్సెంటు కూడా మనిషే పెట్టినట్టు. ఏదో ఒకటి తేల్చు."

వెంకట్రామయ్య కాలువ వైపు చూశాడు. తను వేసిన సిమెంటు పోయినేడాదే పెచ్చులూడి, అందరికీ కనిపించేలా ఉంది.

"మిషనే," అన్నాడు.

గోపాలరావు గొంతు సవరించుకున్నాడు. "నాకొచ్చిన ఒకటి నాకొద్దు. నేను ఆఖర్న తడుపుకుంటా." ఆ మాటతో ఆయన పరువు అయిదు దగ్గర్నుంచి ఇంకా పైకి పోయింది.

పదకొండింటికి కోటయ్య చేలోకి, రెండింటికి సీతమ్మ తోటలోకి నీళ్ళు పారాయి. సీతమ్మ చెప్పులు గట్టు మీద వదిలి, మోకాళ్ళ దాకా చీర ఎగదోపి, మడి మడికీ తిరిగింది. చందన మేనేజరుకి నెట్‌వర్క్ సమస్య అని మెసేజ్ పెట్టింది. అది పంపడానికి నాలుగు నిమిషాలు పట్టింది.

ఆ సాయంత్రమే పాత అమరికకి తిరిగి వెళ్ళిపోదామనుకుంది. అప్పుడు వెంకట్రామయ్య స్వయంగా ఇంటికొచ్చాడు.

"అమ్మాయ్, వచ్చే తడవకి కూడా ఆ కీబోర్డు మీదే కొట్టాల. అది ప్రతిసారీ కొత్తగా కలుపుద్దిగా? ఎప్పుడో ఒకప్పుడు నాక్కూడా ఒకటి రాకపోద్దా!"

"అట్టాగే పెదనాన్నా," అంది చందన. నాన్న ఎప్పుడూ ఆయన పేరు దగ్గర ఒకటనే చదువుతాడనీ, ఆ కీబోర్డు మీద ఒకటి నొక్కితే ఎప్పటికీ పర్సెంటే పడుతుందనీ మాత్రం చెప్పలేదు.

మీ ఇంట్లోనూ ఇలాంటివి జరిగే ఉంటాయి, తప్పకుండా రాసి పంపండి. అంకెలు మాత్రం దయచేసి అక్షరాల్లో రాయండి.