ముగింపు ముందే చెప్పిన నాంచారవ్వ

ఒక పెద్ద అడవిలో పులి వస్తోందని చెప్పే పని కొండముచ్చులది. అవి చెట్ల మీద కూర్చుని చిగుళ్లు తింటూ సగం కింద రాల్చేవి. రాలినవి దుప్పులు తినేవి. పైనుంచి ఒక్క కేక వినపడితే చాలు, నోట్లో ఆకు నోట్లో ఉండగానే దుప్పులన్నీ మాయం.

ఈ ఏర్పాటు వల్ల పులికి పస్తులు. పులి విడిచిన ఎముకలు కొరుక్కుని బతికే నక్కకు ఇంకా పస్తులు.

నక్క బాగా ఆలోచించి, అడవి సభలో లేచి కళ్లు తుడుచుకుంది.

"అధ్యక్షా! పక్క అడవి వాళ్లు మనల్ని చూసి నవ్వుతున్నారు. అంత పెద్ద విషయాన్ని ఒక్క కేకలో తేల్చేయడమా? ఉపోద్ఘాతం లేదు, వివరణ లేదు, ముగింపు లేదు. ఒక్క ఉపమానమైనా లేదు!"

అధ్యక్షుడు ఎలుగుబంటికి ఉపమానం అంటే ఏమిటో తెలియదు. తెలియదని చెప్పుకోవడం ఇష్టం లేక, "నేనూ ఎప్పటినుంచో అదే అనుకుంటున్నాను" అన్నాడు.

బడి పెట్టారు. నక్క మాష్టారైంది. ఇక మీదట హెచ్చరిక వ్యాసంగానే చెప్పాలి. "ముగింపు" అనే మాట చెవిన పడ్డాకే దుప్పులు పరుగెత్తాలి. ముందే కదిలితే మళ్లీ పచ్చిక బయలు మొహం చూడకూడదు.

మొదటి వ్యాసం "అడవి మనకు తల్లి వంటిది" అంటూ మొదలై, వివరణలోకి వచ్చేసరికి మందలో ఒక ముసలి దుప్పి తగ్గిపోయింది.

"పాపం! వ్యాసం మాత్రం చక్కగా కుదిరింది" అన్నాడు ఎలుగుబంటి. నక్క పళ్లు కుట్టుకుంటూ మంచి మార్కులే వేసింది.

ముసలి కొండముచ్చు నాంచారవ్వకు ఈ బడి అంటే మహా ముచ్చట. మనవల పక్కన కూర్చుని "వలె, వంటి" అని వల్లె వేసేది. ఒకదాన్ని చూపించి ఇంకోదాన్ని చెప్పొచ్చా! చందమామను చూసి "కోతిపిల్ల కొరికిన వెలగపండు వంటిది" అని, తనకు తనే నవ్వుకునేది. వ్యాసంలో ఏది ముందో ఏది వెనకో మాత్రం ఎంతకీ పట్టుబడలేదు.

"అవ్వా, రేపు కాపలా నీదేనటగా" అంది కింద నుంచి ఎర్రక్క అనే దుప్పి. దాని పిల్ల పుట్టి ఎన్నాళ్లో కాలేదు, నిలబడితే కాళ్లు వణుకుతున్నాయి. "కాస్త పొట్టిగా ముగించు తల్లీ. నా బిడ్డ పరుగెత్తలేడు."

"నేను లేనూ, భయమెందుకే" అంది అవ్వ. ఆ పూట ఆమెకు చిగురు సహించలేదు.

మర్నాడు పొద్దెక్కాక రెల్లుపొదలో చారలు కదిలాయి. అవ్వ గొంతులోకి పాత కేక వచ్చేసింది. మింగేసుకుంది. ఒట్టి కేకకు ఇప్పుడెవరు కదులుతారు? పోనీ ఉపోద్ఘాతం ఎత్తుకుందామంటే, అది అయ్యేలోపు ఆ పసిది ఉంటుందా?

"ముగింపు!" అని అరిచేసింది. "కాబట్టి పులి వచ్చింది, పరుగెత్తండి!"

దుప్పులు మొహాలు చూసుకున్నాయి. "ఇంకా మొదలే కాలేదుగా?" అంది ఒకటి.

"మాట వినపడిందా లేదా? నడవండే!" అంది ఎర్రక్క, పిల్లను మూతితో నెడుతూ. మంద కదిలింది. పిల్ల తూలుతూ వెనకబడింది.

పులి దూకబోయింది.

"ఇప్పుడు వివరణ!" అంది అవ్వ గాబరాగా. "ఆహా, ఆ చారలు! సందెపొద్దు మీద సాగిన మబ్బుల వంటివి!"

ఎత్తిన కాలు ఎత్తినట్టే పులి ఆగిపోయింది. పుట్టి బుద్ధెరిగాక దాన్ని పొగిడినవాళ్లు లేరు. కనపడితే పరుగెత్తేవాళ్లే కానీ, నిలబడి చూసిందెవరు?

"తర్వాత?" అంది తల పైకెత్తి.

"మీసాలు రెల్లుపూల వంటివి. నడక నీటి మీద నీడ వంటిది. గర్జిస్తే కొండలన్నీ చెవులు మూసుకుంటాయి. ఇది అతిశయోక్తి దొరా, పాఠంలో ఉంది, ఏమనుకోకండి."

"ఫరవాలేదు, ఉండనీ" అంది పులి సిగ్గుపడుతూ. అది మళ్లీ కిందికి చూసేసరికి బయలంతా ఖాళీ. ఎర్రక్కా లేదు, పిల్లా లేదు.

ఎముకల కోసం వచ్చిన నక్క చిందులు తొక్కింది. "సున్నా! ముగింపు ఎవరైనా మొదట చెబుతారా?"

"మాష్టారూ, ఈ వ్యాసాల ఏర్పాటు నీదేనా?" అంది పులి. దాని కడుపు గట్టిగా మూలిగింది. "మరి నా తిండేదీ?"

ఒక్క ముక్కలో తప్పయిందని పారిపోయి ఉంటే నక్క బతికేదేమో. కానీ మాష్టారాయె! నిటారుగా నిలబడి గొంతు సవరించుకుంది.

"ఆకలి అనగానేమి? అనాది కాలం నుండి సకల ప్రాణులూ..."

ఆ వ్యాసం ఎలా ముగిసేదో అడవిలో ఎవరికీ తెలియలేదు.

నీతి: ఉపోద్ఘాతం లేకుండా ఏదీ మొదలుపెట్టకూడదు, వినేవాడు భోంచేసి ఉంటే.